లారీ కంపెనీ జీతం కోత అడిగినప్పుడు: గోదావరి డెల్టా డ్రైవర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కంపెనీ నష్టాల్లో ఉంది, పదో పదిహేనో శాతం జీతం తగ్గించుకోకపోతే బండ్లు ఆపేస్తాం అని యాజమాన్యం అన్నప్పుడు యూనియన్ ఆఫీసుకు వచ్చే ప్రశ్నలివి. కాకినాడ పోర్టుకు బియ్యం, భీమవరం, ఆకివీడు నుంచి చేపలు, అంబాజీపేట కొబ్బరి, రావులపాలెం అరటి తోలే నెలజీతం డ్రైవర్లకోసం రాశాం. సొంత బండి ఉన్నవారికి ఇందులో కొంతే వర్తిస్తుంది.

వచ్చే నెల నుంచి జీతం తగ్గిస్తున్నామని నోటీసు బోర్డులో కాగితం అంటించారు. చెల్లుతుందా?

అంటించినంత మాత్రాన చెల్లదు. జీతం, బత్తా, పని గంటలు, పీఎఫ్ వాటా, వీటిలో ఏది మార్చాలన్నా 21 రోజుల ముందు నోటీసివ్వాలి. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 9ఏ సెక్షన్‌గా ఉన్న ఈ నియమం, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌లో 40వ సెక్షన్ అయింది.

చాలామంది పొరపడేది ఇక్కడే. 21 రోజులు గడిస్తే కోత దానంతటదే న్యాయమైపోదు, అలాగని చేతులు కట్టుకు కూర్చుంటే ఆగిపోదు కూడా. ఆ 21 రోజుల్లోపే యూనియన్ అభ్యంతరం రాసి, లేబర్ ఆఫీసులో వివాదం లేవనెత్తాలి. రాజీ చర్చలు మొదలయ్యాక, అవి నడుస్తున్నంత కాలం వివాదంలో ఉన్న షరతులను యాజమాన్యం కార్మికులకు నష్టం కలిగేలా మార్చకూడదు. అందుకే నోటీసు కనిపించిన రోజే తేదీ కనబడేలా ఫొటో తీయండి. ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఒక కాపీ లేబర్ ఆఫీసులో ఇచ్చి, మీ దగ్గరుంచుకునే కాపీ మీద ముద్ర వేయించుకోండి. తగ్గించిన జీతం ఈలోగా బ్యాంకులో పడితే "అభ్యంతరంతో తీసుకుంటున్నాం, బాకీ హక్కు వదులుకోలేదు" అని ఒక కాగితం ఇవ్వండి. నెలల తరబడి మాట్లాడకుండా తీసుకుంటే, ఒప్పుకున్నారని రేపు వాదిస్తారు.

కంపెనీ నిజంగా నష్టాల్లో ఉందా, నటిస్తోందా? మాకెలా తెలుస్తుంది?

ఓనరు గారి ముఖం చూసి తేల్చే విషయం కాదు. డబ్బు పెద్దగా ఖర్చు కాకుండా బయట నుంచే చూడగలిగేవి నాలుగున్నాయి.

కంపెనీ ప్రైవేట్ లిమిటెడ్ అయితే, కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో 100 రూపాయలు కట్టి బ్యాలెన్స్ షీట్లు, తాకట్టు వివరాలు చూడొచ్చు. మూడేళ్లవి తీయండి. నష్టం అంకె కంటే ముందు చూడాల్సినవి మూడు: డైరెక్టర్లకు, వాళ్ల బంధువుల సంస్థలకు ఇచ్చిన అప్పులు; డైరెక్టర్ల జీతాలు; సరుకు పంపే పార్టీల నుంచి రావలసిన కిరాయి బాకీలు. నష్టం చూపిస్తూనే అన్నదమ్ముల సంస్థకు అప్పిచ్చిన కంపెనీకి జీతం కోత అడిగే ముఖం లేదు.

పీఎఫ్ వెబ్‌సైటులో సంస్థ పేరుతో వెతికితే ఏ నెల సొమ్ము ఏ తేదీన కట్టారో, ఎంతమందికి కట్టారో కనిపిస్తుంది. సాధారణంగా కష్టాల్లో పడ్డ కంపెనీ ముందు ఆపేది ఇదే. జీఎస్టీ పోర్టల్‌లో నంబరు కొడితే రిటర్నులు వేస్తున్నారో లేదో తెలుస్తుంది. ఎం-పరివాహన్ యాప్‌లో ఒక్కో బండి నంబరు కొట్టి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్, ట్యాక్స్ గడువులు, ఫైనాన్స్ ఉందో లేదో రాసుకోండి. యార్డులో నలభై బండ్లుంటే ఇద్దరు కూర్చుంటే ఒక పూటలో అయిపోతుంది. సగం బండ్లకు ఇన్సూరెన్స్ దాటిపోయి ఉంటే కష్టం నిజమే. అలాంటి బండి తోలడం మీకు కూడా ప్రమాదమే.

లోపలి లెక్కలు యూనియన్ లిఖితపూర్వకంగా అడగాలి: బండి వారీగా కిరాయి, డీజిల్, టోలు, టైర్లు, కిస్తీ, ఖాళీగా తిరిగిన కిలోమీటర్లు. ఏడాది మొత్తానివి అడగండి. వరద నెలలైన ఆగస్టు, సెప్టెంబరు లెక్కలు ఒక్కటే చూపిస్తే ఏ కంపెనీ అయినా మునిగిపోతున్నట్టే ఉంటుంది. మనకు ధాన్యం లోడ్లు ఖరీఫ్ కోతలప్పుడు ఒకసారి, రెండో పంటైన దాళ్వా కోతలప్పుడు ఏప్రిల్, మేలలో ఇంకోసారి ఎత్తుకుంటాయి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచిందని, రొయ్యల లోడ్లు పడిపోయాయని చెబితే ఆ కారణం నిజమే కావచ్చు. కానీ అది రొయ్యల బండ్ల సంగతి. అదే సాకుతో బియ్యం బండ్ల డ్రైవర్ జీతం ఎందుకు తగ్గాలో విడిగా చెప్పమనండి.

మా జీతం తగ్గితే కంపెనీ గట్టెక్కుతుందా?

ఒక ట్రిప్పు లెక్క వేసి చూడండి. కాకినాడ నుంచి హైదరాబాదు వెళ్లి రావడం సుమారు 1,000 కిలోమీటర్లు. బండి లీటరుకు మూడున్నర ఇస్తే 286 లీటర్లు తాగుతుంది. నాలుగు ఇస్తే 250. తేడా 36 లీటర్లు. లీటరు 95 రూపాయలనుకున్నా దగ్గర దగ్గర 3,400. అదే ట్రిప్పుకు డ్రైవర్ జీతం, బత్తా కలిపి 5,000 పడుతుందనుకుంటే 15 శాతం కోత వల్ల మిగిలేది 750.

మైలేజీ పడిపోవడానికి కారణాలు డ్రైవర్లకు తెలిసినంతగా ఆఫీసుకు తెలియవు. టైర్లలో గాలి తక్కువ, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, బ్రేకులు పట్టేసి ఉండటం, పోర్టు గేటు దగ్గర క్యూలో గంటల తరబడి ఇంజన్ ఆన్‌లో ఉంచడం, ఓవర్ లోడు. దారిలో డీజిల్ తీసి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు, ఈ మాట యూనియన్ దాచుకుంటే చర్చల్లో మన పరువే పోతుంది. ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు లెక్కన ప్రతి బండికీ మైలేజీ పట్టిక పెడదామని మనమే ముందుగా అనడం మంచిది. రూటు యానాం మీదుగా పడితే అక్కడే ఫుల్ చేయించాలి. పన్ను తక్కువ కాబట్టి ఆంధ్రా బంకు కంటే చవక.

కిరాయి కంపెనీలు ఎక్కువగా కూలేది వసూళ్ల దగ్గర. డీజిల్‌కు ఈరోజే కట్టాలి, పార్టీ మాత్రం రెండు మూడు నెలలకు ఇస్తుంది. మధ్యలో వడ్డీకి తెచ్చి తిప్పుతారు. పార్టీ నుంచి హాల్టింగ్ సొమ్ము (బండిని ఆపి ఉంచినందుకు ఇచ్చేది) అడగడానికి మొహమాటపడే మేనేజరు, డ్రైవర్ బత్తా కోయడానికి మాత్రం మొహమాటపడడు. మిల్లు దగ్గర, గోడౌన్ దగ్గర ఎన్ని గంటలు ఆగారో ట్రిప్ షీట్ మీద అక్కడి గుమాస్తా సంతకంతో రాయించండి. హాల్టింగ్ వసూలుకు అదే ఆధారం.

నెలకు పోయేది రెండు మూడు వేలేగా. ఉద్యోగం నిలబడితే చాలదా?

నెలకు పోయేది కంటికి కనిపిస్తుంది. అసలు దెబ్బ పాత సర్వీసు మీద పడుతుంది. ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసుకు ఇచ్చే గ్రాట్యుటీ సొమ్ము లెక్క ఇదీ: ఆఖరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. ఆ జీతం అంటే బేసిక్, డీఏ (కరువు భత్యం). ఎన్నేళ్లు ఎక్కువ జీతం తీసుకున్నా లెక్కకు వచ్చేది ఆఖరిదే.

జీతం 18,000, సర్వీసు 16 ఏళ్లు ఉన్న డ్రైవరుకు గ్రాట్యుటీ 1,66,154. పదిహేను శాతం కోసి 15,300 చేశాక మానేస్తే 1,41,231. అంటే ఇరవై నాలుగు వేల తొమ్మిది వందల పైచిలుకు, పూర్తి జీతంతో చేసిన పదహారేళ్ల సర్వీసు మీదే పోయింది. పని నుంచి తీసేస్తే ఇచ్చే పరిహారం కూడా ఏడాదికి 15 రోజుల సగటు జీతం. నెలజీతం వారికి ఆ సగటు చివరి మూడు నెలలది. ఇదే డ్రైవరుకు 1,44,000 రావలసింది 1,22,400 అవుతుంది.

ఇప్పుడు వరస చూడండి. జనవరిలో కోతకు ఒప్పుకున్నారు, జూన్‌లో కంపెనీ మూతపడింది. ఆరు నెలల్లో జీతంలో పోయింది 16,200. లెక్క తేల్చేటప్పుడు పోయింది 46,500. మూసేసే ఉద్దేశం ముందే ఉన్న యజమానికి కోత ఎందుకంత ముద్దో దీన్నిబట్టి తెలుస్తుంది. అలాంటి ఉద్దేశం లేదని చెప్పే యజమాని ఒక వాక్యం రాసివ్వడానికి వెనకాడకూడదు: "గ్రాట్యుటీ, తొలగింపు పరిహారం, మూసివేత పరిహారం, సెలవు జీతం అన్నీ కోతకు ముందున్న జీతం మీదే లెక్కిస్తాం." ఆ ఒక్క వాక్యం లేకుండా కోతకు ఓటు వేయొద్దని మా గట్టి సలహా.

తగ్గించుకోక తప్పదంటే బేసిక్‌లోనా, బత్తాలోనా?

గ్రాట్యుటీ కోణంలో బేసిక్ ముట్టుకోకుండా ఉండటమే మేలు. అయితే బత్తా అనేది రోడ్డు మీద తిండికి, స్నానానికి, పార్కింగుకు అయ్యే ఖర్చు. దాన్ని కోస్తే డ్రైవరు జేబులోంచి పెట్టుకోవాలి, లేదా పస్తుండాలి. ఇన్సెంటివ్, హాజరు బోనస్ లాంటివి ఉంటే ముందు అవి చూడండి.

కొత్త లేబర్ కోడ్‌లలోని వేతన నిర్వచనంలో ఒక మెలిక ఉంది. జీతంలో లెక్కకు రాని అలవెన్సులన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే, దాటిన భాగం జీతంగానే లెక్కించాలి. బేసిక్ 7,000 చూపించి, మిగతా 13,000 అలవెన్సులుగా రాసే కంపెనీల చీటీల్లో దీనివల్ల తేడా వస్తుంది. మీ జీతం చీటీ ఒకసారి ఎవరికైనా లెక్క తెలిసినవారికి చూపించండి.

ఏ దారిన కోసినా రాష్ట్ర కనీస వేతనం కంటే కిందికి దిగకూడదు. కార్మికుడు సంతకం పెట్టినా ఆ ఒప్పందం చెల్లదు. అందులోని కరువు భత్యం ఏటా ఏప్రిల్, అక్టోబరుల్లో మారుతుంది కాబట్టి తాజా పట్టిక లేబర్ ఆఫీసులో అడగండి.

కోత, వాయిదా ఒకటేనా?

కాదు. కోతలో డబ్బు పోయింది. వాయిదాలో కంపెనీ మీకు బాకీ పడింది. నెలకు 2,700 ఆపి, పన్నెండు నెలల తర్వాత విడతల్లో ఇస్తామని రాసిస్తే జీతం 18,000గానే ఉంటుంది, గ్రాట్యుటీ చెడదు, మూతపడితే ఆ సొమ్ము కార్మికుల బాకీల జాబితాలో చేరుతుంది. యజమాని నిజంగా చేతిలో డబ్బాడక ఇబ్బంది పడుతుంటే వాయిదా అతనికి సరిపోవాలి. అందుకే కోత అడిగినప్పుడు మొదటి జవాబుగా వాయిదా పెట్టి చూడండి.

పీఎఫ్, ఈఎస్ఐ సంగతి?

మీకు పీఎఫ్ 15,000 పరిమితి మీదే కడుతుంటే, కోత తర్వాత కూడా జీతం ఆ పైనే ఉన్నంతవరకు మార్పుండదు. పూర్తి జీతం మీద కడుతుంటే రెండు వాటాలూ తగ్గుతాయి. జీతం 15,000 కంటే దిగితే పెన్షన్ కూడా దెబ్బతింటుంది, ఎందుకంటే ఆఖరి 60 నెలల సగటు తీసుకుంటారు. యాభై మూడు, యాభై నాలుగేళ్ల వయసున్నవారు ఇది మరీ చూసుకోవాలి. ఉమాంగ్ యాప్‌లో పాస్‌బుక్ ప్రతి నెలా చూడండి. మీ జీతంలో పట్టుకుని కట్టకపోవడం క్రిమినల్ నేరం. రాజమహేంద్రవరం పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వొచ్చు.

జీతం 21,000 లేదా అంతకంటే తక్కువకు వస్తే కార్మికుల వైద్య బీమా అయిన ఈఎస్ఐ పరిధిలోకి వస్తారు. మీ వాటా 0.75 శాతం, కంపెనీది 3.25. కోత అడిగేవారికి ఈ ఖర్చు గుర్తుండదు, గుర్తుచేయండి.

జీతం బదులు రెండో డ్రైవర్ని తీసేస్తాం, లేదా లోడు పెంచుతాం అంటున్నారు.

ఈ రెంటికంటే జీతం కోతే నయం. చేపల బండికి ఐసు కరిగేలోపు చేరాలన్న ఒత్తిడి ఉంటుంది; హౌరా రూటులో ఒక్కడే తోలితే నిద్ర ఎక్కడ పోవాలి? డ్రైవరు పని రోజుకు 8 గంటలు, వారానికి 48 అని పాత మోటారు రవాణా కార్మికుల చట్టం నుంచీ ఉన్న లెక్క.

ఇక లోడు. పది టైర్ల బండి మొత్తం బరువు 28.5 టన్నులు, పన్నెండు టైర్లకు 36 టన్నులు దాటకూడదు. దాటితే 20,000 జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఆ జరిమానా తర్వాత ఎవరి జీతంలో పట్టుకుంటారో మీకు తెలుసు. కాటా చీటీ ఫొటో తీసి పెట్టుకోండి.

సరుకు షార్టేజీ పేరుతో కోసేవాటికీ పద్ధతుంది. డ్రైవరు నిర్లక్ష్యం వల్లే నష్టమని తేలాలి, అతని వివరణ వినాలి. మొత్తం కోతలు జీతంలో సగం దాటకూడదు.

ఒప్పుకోవాలని మెజారిటీ అనుకుంటే కాగితంలో ఏముండాలి?

ముగింపు తేదీ ముందు. "పరిస్థితి మెరుగుపడే వరకు" అని రాస్తే ఆ పరిస్థితి ఎప్పటికీ మెరుగుపడదు. "ఫలానా తేదీ తర్వాత పాత జీతం దానంతటదే అమల్లోకి వస్తుంది, కొత్త చర్చ అక్కర్లేదు" అని ఉండాలి. ఆ తేదీ లోపు కిరాయి రాబడి ఒక మట్టం దాటితే కోత ముందే రద్దు కావాలి. ఆ మట్టం అంకెల్లో రాయాలి.

మేనేజరు నుంచి డైరెక్టరు వరకు అదే శాతం, వీలైతే ఎక్కువ శాతం కోత. ఆ కాలంలో డైరెక్టర్లకు డివిడెండు, అప్పు ఇవ్వకూడదు. ఎవరినీ తీసేయకూడదు. యూనియన్‌కు చెప్పకుండా బండ్లు అమ్మడం, ఇంకో పేరు మీదికి మార్చడం కుదరదు. ప్రతి నెల 10వ తేదీలోపు పీఎఫ్ చలాను, వసూళ్ల పట్టిక యూనియన్‌కు చూపించాలి. వీటిలో ఏది తప్పినా కోత ఆ నెల నుంచే రద్దు, అంతవరకు కోసింది వెనక్కి. పాత జీతం మీద గ్రాట్యుటీ వాక్యం పైన చెప్పిందే.

ఇవన్నీ రావు. బేరంలో నాలుగు పోతాయి. ముగింపు తేదీ, గ్రాట్యుటీ వాక్యం, తప్పితే రద్దు, ఈ మూడూ వదలొద్దు.

సంతకాలు ఎక్కడ చేయాలి?

లేబర్ ఆఫీసులో, రాజీ చర్చలు నడిపే అధికారి సమక్షంలో. అలా కుదిరిన ఒప్పందం సభ్యులు కానివారితో సహా అక్కడి కార్మికులందరికీ, యాజమాన్యానికీ వర్తిస్తుంది. ఓనరు గారి ఆఫీసులో విడిగా రాసుకున్నది సంతకం పెట్టిన పక్షాలకే.

ఓటింగు ఎలా జరపాలి?

రహస్య బ్యాలెట్. యార్డులో మేనేజరు టీ తాగుతూ చూస్తుండగా చేతులెత్తించడం ఓటింగు కాదు.

పెద్ద ఇబ్బంది బండ్లు రోడ్డు మీదుండటం. ఒక్కరోజే పెడితే లాంగ్ రూటు వాళ్లంతా తప్పిపోతారు, కోత ఎక్కువ తగిలేది వాళ్లకే. మీ కంపెనీలో అతి పొడవైన ట్రిప్పుకు పట్టే రోజుల కంటే రెండు రోజులు ఎక్కువ పెట్టెను తెరిచి ఉంచండి. ప్రతిపాదన పూర్తి పాఠం తెలుగులో, కనీసం వారం ముందు చేతికివ్వాలి. వాట్సాప్‌లో సారాంశం పంపితే చాలదు. బ్యాలెట్ మీద ప్రశ్న ఒకటే, అవును, కాదు. పేర్ల జాబితాలో సంతకం వేరు, చీటీ వేరు. అవునన్నవారు, కాదన్నవారు, రెండు పక్షాల మనుషుల ముందు లెక్కపెట్టి, అంకెలు మినిట్స్ పుస్తకంలో రాసి, చీటీలు కవరులో సీలు చేసి దాచండి. క్లీనర్ల జీతం కూడా కోస్తుంటే వాళ్లకూ ఓటుండాలి.

కాదంటే మూసేస్తారా? అప్పుడు మాకేమొస్తుంది?

మూసేయవచ్చు, ఆ అవకాశం లేదని చెప్పి ఓట్లడగడం మోసం. యాభై మంది, అంతకుమించి ఉన్నచోట 60 రోజుల ముందు ప్రభుత్వానికి నోటీసివ్వాలి. ఏడాది నిరంతర సర్వీసున్న ప్రతి ఒక్కరికీ ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం రావాలి. చేతిలో లేని కారణాలతో మూసేస్తే మూడు నెలల జీతానికి మించకుండా ఇవ్వొచ్చన్న మినహాయింపు ఉంది గానీ, నష్టాలు వచ్చాయన్నది అలాంటి కారణం కిందికి రాదని చట్టమే చెబుతోంది. మూసేయకుండా కొందరిని తొలగిస్తే, వారికి పరిహారంతోపాటు 45 రోజుల్లోపు మరో 15 రోజుల జీతం రీస్కిల్లింగ్ (కొత్త పని నేర్చుకునే) నిధి నుంచి ఖాతాలో పడాలి.

కంపెనీ దివాలా ప్రక్రియకు వెళితే మీ బాకీ దానంతటదే జాబితాలో చేరదు. బాకీ కోరుతూ కార్మికులు విడిగా ఫారం డి, అందరి తరఫున ప్రతినిధి అయితే ఫారం ఈ, గడువులోపు వేయాలి. లిక్విడేషన్‌లో, అంటే ఆస్తులమ్మి అప్పులు తీర్చేటప్పుడు, దానికి ముందు 24 నెలల కార్మికుల బాకీలు బ్యాంకు తాకట్టు అప్పుతో సమానంగా నిలుస్తాయి. పీఎఫ్ సొమ్ము అసలు ఆ ఆస్తిలో కలపరు. భాగస్వామ్య సంస్థ, ఒక్కరి సొంత సంస్థ అయితే లేబర్ శాఖ ద్వారా రెవెన్యూ బకాయిగా వసూలు చేయించుకోవాలి. అది నెమ్మదిగా సాగుతుంది.

రాజీనామా ఇచ్చి కొత్తగా చేరమంటున్నారు. ఇంకొందరికి బండి రాసిస్తాం, కిస్తీ కట్టుకోండి అంటున్నారు.

మొదటిదానికి సంతకం పెడితే పాత సర్వీసు తెగిపోతుంది. రెండోదానిలో మీరు కార్మికుడి స్థానం నుంచి కాంట్రాక్టరయిపోతారు. డీజిల్, టైర్లు, ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్, ఖాళీ ట్రిప్పు అన్నీ మీ మీదికొస్తాయి, కిరాయి రేటు మాత్రం వాళ్లే నిర్ణయిస్తారు. ఖాళీ కాగితం మీదా, లెక్కలు తేలకుండా "మొత్తం ముట్టింది" అన్న రసీదు మీదా సంతకం వద్దు.

వెంటనే బండ్లు ఆపేస్తే?

నోటీసిచ్చి 14 రోజులు ఆగకుండా ఆపకూడదు. ఇచ్చిన నోటీసు 60 రోజులే పనిచేస్తుంది. రాజీ చర్చలు నడుస్తున్నప్పుడు, అవి ముగిసిన 7 రోజుల వరకూ సమ్మె నిషిద్ధం. సగం మంది, అంతకుమించి ఒకేసారి సెలవు పెట్టినా సమ్మెగానే లెక్క. చట్టవిరుద్ధమైతే 1,000 నుంచి 10,000 జరిమానా, నెల వరకు జైలు, లేదా రెండూ.

అమెరికాలో డ్రైవర్లు కోతకు ఒప్పుకున్నా కంపెనీ మూతపడిందట. నిజమా?

నిజం. వైఆర్‌సీ అనే పెద్ద లారీ కంపెనీలో టీమ్‌స్టర్స్ యూనియన్ సభ్యులు 2009లో ముందు 10 శాతం కోతకు, అదే ఏడాది మరో 5 శాతానికి, పెన్షన్ చెల్లింపుల నిలుపుదలకు ఓటేశారు. 2014 జనవరిలో ఒప్పందం పొడిగింపును మొదట తిరస్కరించి, అదే నెలలో మార్పులతో వచ్చినదాన్ని ఆమోదించారు. తర్వాత యెల్లో అని పేరు మార్చుకున్న ఆ కంపెనీ 2020లో ప్రభుత్వం నుంచి 70 కోట్ల డాలర్ల రుణం కూడా తీసుకుంది. 2023 జులై ఆఖరులో బండ్లు ఆపేసి, ఆగస్టులో దివాలా పిటిషన్ వేసింది. దాదాపు 30,000 ఉద్యోగాలు పోయాయి, అందులో 22,000 యూనియన్ సభ్యులవి.

దీన్ని కోతకు సరే అనేవారూ, వద్దనేవారూ ఇద్దరూ వాడుకుంటారు. కోత వల్ల పద్నాలుగేళ్లు జీతాలొచ్చాయని ఒకరు, ఇచ్చిందంతా ఇచ్చి చివరికి రోడ్డున పడ్డారని ఇంకొకరు. రెండూ అబద్ధం కాదు. మన యార్డుకు పనికొచ్చే విషయం, ఒకసారి మొదలైన కోత అక్కడ ఏళ్ల తరబడి పొడిగింపులతో సాగిందన్నది. ముగింపు తేదీ గురించి అంత పట్టుబట్టమనేది అందుకే.

యూనియన్ ఆఫీసుకు వచ్చేటప్పుడు ఏం తేవాలి?

నియామక పత్రం, లేకపోతే పాత ట్రిప్ షీట్లు. ఆఖరి ఆరు నెలల జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంటు. పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు. నోటీసు ఫొటో. లైసెన్సు జిరాక్సు. అడ్వాన్సు ఏమైనా తీసుకుని ఉంటే ఆ కాగితం కూడా. లెక్క తేల్చేటప్పుడు యాజమాన్యం మొదట బయటికి తీసేది అదే.